కంపెనీ స్క్రీన్ మార్చకుండా సీటు కింద పవర్డ్ సబ్‌వూఫర్: సిగ్నల్, కరెంటు, ఎర్త్ ఎక్కడి నుంచి తీసుకోవాలి?

లోబీట్_వరంగల్:

బండి పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. కంపెనీ బిగించిన 7 అంగుళాల టచ్‌స్క్రీన్, నాలుగు డోర్లలో నాలుగు స్పీకర్లు, ముందు రెండు ట్వీటర్లు. విడిగా ఆంప్లిఫయర్ లేదు. రివర్స్ కెమెరా, స్టీరింగ్ బటన్లు అన్నీ ఈ స్క్రీన్‌తోనే ముడిపడి ఉన్నాయి, పైగా వారంటీ నడుస్తోంది. అందుకే స్క్రీన్ మార్చేది లేదు.

సబ్ (బేస్ మాత్రమే మోగించే సబ్‌వూఫర్) 8 అంగుళాల అండర్‌సీట్ రకం, ఆంప్ దాని లోపలే ఉంది. డబ్బా మీద ఎంత పెద్ద అంకె వేసినా, లోపలి కాగితంలో ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల అసలు పవర్) 120 వాట్లు, ఫ్యూజు 15 ఆంప్స్ అని రాశారు. రెండు ఆర్‌సీఏ సాకెట్లు (ఆంప్‌కి వెళ్లే ముందరి చిన్న సిగ్నల్ కోసం గుండ్రటి సాకెట్లు) ఉన్నాయి. హై లెవెల్ ఇన్‌పుట్‌కి, అంటే స్పీకర్ వైర్ల సిగ్నల్ నేరుగా తీసుకోవడానికి, నాలుగు వైర్ల కప్లర్ ఒకటి. పవర్ కప్లర్‌లో ఎరుపు, నలుపు, నీలం.

స్క్రీన్ వెనక ఆర్‌సీఏ అవుట్ లేదు. స్పీకర్ వైర్ల నుంచే సిగ్నల్ తీసుకుంటే స్క్రీన్‌లోని ఆంప్ మీద భారం పడుతుందా? నీలం వైరుని ఎరుపుతో కలిపేస్తే సరిపోతుందని షాపులో అన్నారు, నిజమేనా? షాపువాళ్ల "8 గేజ్" కిట్ కొనాలా, ఇంటి వైరింగ్‌కి వాడే 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు చాలా? ఎర్త్ సీటు బోల్టుకే ఇవ్వొచ్చా? ఆ సీటు కింద పసుపు కప్లర్లు కనిపిస్తున్నాయి, వాటి గురించి కూడా చెప్పండి.

ఆటోనగర్_వైరింగ్:

సిగ్నల్ సంగతి నేను చెప్తాను, కరెంటు వైపు ఇంకెవరైనా అందుకోండి.

భారం పడదు. డోర్ స్పీకర్ 4 ఓమ్‌లు ఉంటే సబ్ హై లెవెల్ ఇన్‌పుట్ వందల నుంచి వేల ఓమ్‌లలో ఉంటుంది. స్పీకర్‌కి సమాంతరంగా కలిపినా స్క్రీన్‌కి ఆ తేడా తెలియదు. డోర్ స్పీకర్ మాత్రం పీకేయకండి. లోడ్ కనిపించకపోతే ఆ ఛానెల్‌ని మూసేసే కంపెనీ యూనిట్లు ఉన్నాయి.

అసలు జాగ్రత్త వేరే చోట కావాలి. ఇప్పటి బండి స్టీరియోల్లో స్పీకర్ మైనస్ అంటే ఎర్త్ కాదు. ప్లస్, మైనస్ రెండింటినీ చెరో ఆంప్ వ్యతిరేక దిశల్లో నడుపుతుంది, రెండూ బ్యాటరీ వోల్టేజీలో సగం దగ్గర, అంటే సుమారు 6 వోల్టుల దగ్గర నిలబడి ఉంటాయి. కాబట్టి ఆ నాలుగు వైర్లలో ఏదీ బాడీకి తగలకూడదు. ఎడమ మైనస్‌నీ కుడి మైనస్‌నీ ఒకటిగా మెలేయకూడదు. అదే కారణంగా స్పీకర్ వైరుకి ఆర్‌సీఏ పిన్ను అతికించి ఆర్‌సీఏ సాకెట్లో గుచ్చడం కూడా తప్పు. ఆర్‌సీఏ బయటి రింగు చాలా సబ్‌లలో ఎర్త్‌కి దగ్గరగా ఉంటుంది, స్పీకర్ మైనస్ అటు షార్ట్ అయిపోతుంది. ఐసీలో రక్షణ ఉంటే శబ్దం ఆగి ఊరుకుంటుంది, లేకపోతే స్క్రీన్ బోర్డే మార్చాలి. మీ సబ్‌కి హై లెవెల్ కప్లర్ ఉంది కాబట్టి లైన్ అవుట్ కన్వర్టర్ (స్పీకర్ సిగ్నల్‌ని ఆర్‌సీఏకి సరిపడా తగ్గించే పెట్టె) అవసరం లేదు. ఆర్‌సీఏ మాత్రమే ఉన్న సబ్ అయితేనే అది కొనాలి.

ఎక్కడ తీసుకోవాలి? చాలామంది నేరుగా డ్యాష్‌బోర్డు విప్పేస్తారు. సబ్ సీటు కింద పెడుతున్నప్పుడు అంత దూరం వెళ్లనక్కర్లేదు. వెనక డోర్ స్పీకర్ వైర్లు చాలా హ్యాచ్‌బ్యాక్‌లలో గడప ప్లాస్టిక్ కిందుగా వచ్చి, ముందు వెనక డోర్ల మధ్య పిల్లర్ అడుగు నుంచి డోర్‌లోకి వెళ్తాయి. గడప ట్రిమ్ క్లిప్పుల మీదే ఉంటుంది, ప్లాస్టిక్ ప్రై టూల్‌తో లేస్తుంది. స్క్రూడ్రైవర్ పెడితే గాటు పడి అందరికీ కనబడుతుంది. అక్కడ ఎడమ జత, అటు గడప కింద కుడి జత. కుడి వైపు వైరుని కార్పెట్ కిందుగా అడ్డంగా తేవాలి. వెనక డోర్లు ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. పార్కింగ్ బీప్‌లు, దారి చెప్పే గొంతు, ఫోన్ కాల్స్ ఎక్కువ బండ్లలో ముందు స్పీకర్లలోనే వస్తాయి. వెనక నుంచి తీసుకుంటే అవి సబ్‌లో గుబగుబలాడవు. వెనక స్పీకర్లు లేని బేస్ వేరియంటయితే ముందు జతే గతి.

రంగులు చూసి నమ్మకండి. తెలుపు, బూడిద, పచ్చ, ఊదా అనే వరస బయట కొనే స్టీరియోలది, కంపెనీ హార్నెస్‌లో రంగులు వేరు. ఫోన్లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి 50 హెర్ట్జ్ మోనో టోన్ మోగించండి. ఫేడర్ (ముందు, వెనక స్పీకర్ల మధ్య శబ్దాన్ని పంచే సెట్టింగు) పూర్తిగా వెనక్కి, బ్యాలెన్స్ పూర్తిగా ఎడమకి పెడితే, మల్టీమీటర్ ఏసీ రేంజిలో ఏ జత మధ్య ఒకటి రెండు వోల్టులు చూపిస్తుందో అదే వెనక ఎడమ. కుడికీ అంతే. తర్వాత మీటర్‌ని డీసీలో పెట్టి నలుపు ప్రోబ్ బాడీకి, ఎరుపు ఒక్కో వైరుకి తాకించండి. ప్రతి వైరూ 6 అటూఇటుగా చూపాలి, జతలోని రెండిటి మధ్య సున్నా దగ్గర ఉండాలి. అలా ఉంటే పైన చెప్పిన రెండు ఆంప్‌ల రకమే, దీన్నే బ్రిడ్జి అంటారు.

ఇక ప్లస్ ఏది, మైనస్ ఏది? సబ్ లోపల ఎడమ కుడి రెండూ కలిసి మోనో అవుతాయి. ఒక ఛానెల్ తిరగబడితే రెండింటి బేస్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, సబ్ ఆన్‌లో ఉన్నా పేరుకే మోగుతుంది. "సబ్ పాడైంది" అని షాపుకి తిరిగెళ్లే వాటిలో చాలా వరకు ఇదే. కలిపే ముందే కనిపెట్టొచ్చు. బ్యాలెన్స్ మధ్యలో పెట్టి అదే మోనో టోన్ మోగిస్తూ, మీరు ఎడమ ప్లస్ అనుకున్న వైరుకీ కుడి ప్లస్ అనుకున్న వైరుకీ మధ్య ఏసీ కొలవండి. సున్నా దగ్గర వస్తే రెండూ ఒకే దిశలో ఉన్నాయి. ఒక స్పీకర్ జత మధ్య వచ్చినంతే వోల్టేజీ వస్తే ఒకటి తిరగబడింది, ఆ జత మార్చుకోండి. రెండూ కలిసి తిరగబడి ఉన్నా పర్లేదు, సబ్ మీది 0/180 ఫేజ్ స్విచ్ దాన్ని సరిచేస్తుంది.

జాయింట్ల దగ్గర పిసినారితనం వద్దు. వైరుని కొరికి పట్టుకునే నీలం టీ క్లిప్పులు సన్నని కంపెనీ వైరు పోగుల్ని తెంపుతాయి, గతుకుల రోడ్డు మీద కొన్నాళ్లకి వదులవుతాయి. 8 మిల్లీమీటర్లు ఇన్సులేషన్ తీసి, పోగులు తెగకుండా చుట్టి, సోల్డర్ పెట్టి, పైన బట్ట టేపు చుట్టండి. మామూలు నల్ల పీవీసీ టేపు మన ఎండలకి జిగురు కారిపోయి ఊడుతుంది. వారంటీ భయం ఉంటే అసలు వైరు కోయకుండా స్క్రీన్ వెనక కప్లర్‌కీ హార్నెస్‌కీ మధ్య దూర్చే టీ హార్నెస్ దొరుకుతుంది, మీ స్క్రీన్ కప్లర్ ఫోటో చూపించి అడగండి. అప్పుడు డ్యాష్ విప్పక తప్పదు. సిగ్నల్ వైరు 0.75 స్క్వేర్ చాలు, ప్లస్ మైనస్ మెలేసిన జతగా ఉండాలి.

కాపర్_కాకినాడ:

కరెంటు వైపు నేను.

షాపు సలహా వినకండి. నీలం వైరు సబ్‌కి "లే" అని చెప్పే వైరు. దాన్ని ఎరుపుతో కలిపితే సబ్ రాత్రింబవళ్లు మేలుకునే ఉంటుంది. ఏమీ మోగకపోయినా ఇలాంటి ఆంప్ 0.4 ఆంప్స్ తాగిందనుకోండి, రోజుకి 9.6 ఆంపియర్ అవర్స్. చిన్న పెట్రోల్ కార్లో 35 ఆంపియర్ అవర్స్ బ్యాటరీ ఉంటుంది. శుక్రవారం పార్క్ చేస్తే సోమవారం సెల్ఫ్ పడదు.

నీలానికి కీ యాక్సెసరీ స్థానంలో ఉన్నప్పుడు మాత్రమే కరెంటు వచ్చే లైను కావాలి. డ్రైవర్ కాళ్ల దగ్గరి ఫ్యూజు బాక్సులో 12 వోల్టుల సాకెట్ ఫ్యూజు చాలా బండ్లలో ఇలాంటిదే. కీ తీసినా సాకెట్‌కి కరెంటు వచ్చే బండ్లూ ఉన్నాయి, కొలిచి చూడండి. దాని మీద ఫ్యూజు ట్యాప్ (పాత ఫ్యూజు చోట దూర్చితే ఇంకో ఫ్యూజు గది, కొత్త వైరు ఇచ్చేది) పెట్టి, కొత్త గదిలో 2 లేదా 3 ఆంప్స్ ఫ్యూజు వేయండి. నీలం వైరు తాగేది మిల్లీఆంప్స్‌లోనే. మీ బండిలో ఫ్యూజు మినీయా, లో ప్రొఫైల్ మినీయా అన్నది చూసుకుని ట్యాప్ కొనాలి, తప్పు సైజు నెడితే బాక్సులోని పట్టు వదులైపోతుంది. ట్యాప్‌కి దిశ కూడా ఉంది. పెట్టాక పాత ఫ్యూజుని ట్యాప్ నుంచి లాగేసి చూడండి. అప్పటికీ కొత్త వైరులో 12 వోల్టులు వస్తుంటే దిశ సరైనదే. పోతే కొత్త కరెంటు కూడా పాత ఫ్యూజు గుండానే పోతోందన్నమాట, తిప్పి పెట్టండి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఈసీయూ అని రాసి ఉన్న ఫ్యూజుల జోలికి వెళ్లొద్దు.

సబ్ మీద "ఆటో ఆన్" స్విచ్ ఉంటే స్పీకర్ వైర్లలోని ఆ 6 వోల్టులు చూసి అదే లేస్తుంది, నీలం వైరు అక్కర్లేదు. పని సులువే. కానీ కీ తీశాక డోరు తెరిచేదాకా స్క్రీన్ మెలకువగా ఉండే బండ్లలో సబ్ కూడా అలాగే ఉంటుంది, ఆరేటప్పుడు "ఠప్" మంటుంది. గంటసేపు పని మిగులుతుందని నేనైతే ఆటో ఆన్‌కి ఓటు వేయను.

వైరు మందం లెక్క. 120 వాట్ల ఆర్‌ఎంఎస్ క్లాస్ డీ ఆంప్, 80 శాతం సామర్థ్యం అనుకుంటే 150 వాట్లు లాగుతుంది. 13.8 వోల్టుల దగ్గర సుమారు 11 ఆంప్స్. బ్యాటరీ నుంచి సీటు కిందకి తిప్పుకుంటూ వస్తే 4 నుంచి 5 మీటర్లు. 4 స్క్వేర్ రాగి మీటరుకి 4.6 మిల్లీఓమ్‌లు, 5 మీటర్లకి 23. పదకొండు ఆంప్స్‌కి పావు వోల్టు పోతుంది, పర్వాలేదు. 2.5 స్క్వేర్ అయితే 0.4 వోల్టు, బేస్ కొట్టినప్పుడల్లా సన్నగిల్లుతుంది. 6 స్క్వేర్ వేస్తే నిశ్చింత.

"8 గేజ్" కిట్ మీద నాకు పెద్ద గౌరవం లేదు. అసలు 8 గేజ్ అంటే 8.4 స్క్వేర్ ఎంఎం రాగి. చవక కిట్లలో లావంతా ప్లాస్టిక్కే, లోపల రాగి పూత పూసిన అల్యూమినియం. పోగు కొసని బ్లేడుతో గీకితే వెండి రంగు తేలుతుంది. అదే మందం రాగితో పోలిస్తే దాని నిరోధం దాదాపు ఒకటిన్నర రెట్లు, స్క్రూ కింద నలిగి కాలక్రమంలో వదులవుతుంది కూడా. కిట్ మీద ఓఎఫ్‌సీ (ఆక్సిజన్ లేని రాగి) అని రాసి, పోగు గీకితే రాగి రంగే ఉంటే కొనండి. లేదంటే మీరన్న మంచి కంపెనీ 4 స్క్వేర్ మల్టీస్ట్రాండ్ రాగి వైరు అంతకంటే నయం. దాని పీవీసీ 70 డిగ్రీలకి చేసినదే కాబట్టి బానెట్ కింద ఉన్నంత మేరా ముడతల ప్లాస్టిక్ స్లీవ్ తొడిగి, ఇంజిన్ బ్లాకుకీ సైలెన్సర్ మానిఫోల్డుకీ దూరంగా, కంపెనీ హార్నెస్ పక్కనే టై వేసుకుంటూ తీసుకెళ్లండి. దొరికితే 105 డిగ్రీల ఆటోమోటివ్ వైరే వేయండి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మీటరు లెక్కన ఇస్తారు. లగ్గులు, హీట్ ష్రింక్ ట్యూబు కోఠి గుజరాతీ గల్లీలో చవక.

ఫ్యూజు బ్యాటరీ ప్లస్ నుంచి 45 సెంటీమీటర్ల లోపు ఉండాలి. సబ్ మీద 15 ఆంప్స్ ఫ్యూజు ఉంది కదా అని దీన్ని వదిలేస్తారు, అదే బండ్లు తగలబెట్టే పని. సబ్ ఫ్యూజు సబ్‌ని కాపాడుతుంది. ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) రేకుకి రాసుకుని వైరు చిరిగితే మధ్యలో అడ్డుకునేది బ్యాటరీ దగ్గరి ఫ్యూజే. 20 ఆంప్స్ బ్లేడ్ ఫ్యూజు, నీళ్లు పోని హోల్డర్, దాని సొంత తోక వైరు కూడా 4 స్క్వేర్‌కి తగ్గకుండా చూసుకోండి. కిట్లలో వచ్చే గాజు ఫ్యూజు హోల్డర్లు పట్టు వదులై వేడెక్కుతాయి, ఫ్యూజు తెగకుండానే ప్లాస్టిక్ కరుగుతుంది.

ఫైర్‌వాల్‌కి కొత్త రంధ్రం వేయొద్దు. కంపెనీ హార్నెస్ లోపలికి వెళ్లే రబ్బరు గ్రొమెట్‌లో సాధారణంగా ఖాళీ మొన ఒకటి ఉంటుంది, దాని కొస కోసి గట్టి ఇనుప తీగతో వైరు లాగండి. తీగని గుడ్డిగా పొడవకండి, పక్కనే ఇంజిన్ హార్నెస్ ఉంటుంది. లాగాక సిలికాన్ పూయకపోతే మొదటి వానకే కార్పెట్ తడుస్తుంది. లోపల పెడల్‌లకీ స్టీరింగ్ రాడ్‌కీ తగలకుండా టై వేయండి. పవర్ వైరు ఒక గడప నుంచి వస్తే సిగ్నల్ వైర్లు దాని పక్కనే మీటర్ల కొద్దీ పడుకోకుండా చూడండి. దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి.

ఎర్త్ సీటు బోల్టుకి వద్దు. ఆ బోల్టు మీద, కింద రంగు ఉంటుంది, కరెంటు సరిగా పోదు. పైగా అది మనిషి ప్రాణానికి సంబంధించిన బోల్టు, దాని కింద లగ్గు దూర్చితే బిగింపు మారుతుంది. సీటు బెల్టు బోల్టు అసలే కాదు. గడప ట్రిమ్ కింద కానీ ముందు పక్క ప్యానెల్ కింద కానీ కంపెనీ వాళ్లే ఎర్త్ వేసిన బోల్టు దొరుకుతుంది. అది ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్‌ది కాకుండా చూసుకోండి. దొరక్కపోతే బాడీ రేకు మీద రంగు గీకి, ఎం6 బోల్టు, పళ్ల వాషర్, రింగు లగ్గు పెట్టి, బిగించాక పైన రంగు పూయండి. కింద బ్రేకు పైపు, పెట్రోల్ పైపు ఎటు పోతున్నాయో చూడకుండా డ్రిల్ ఎత్తకండి. ఎర్త్ వైరు పవర్ వైరంత మందం, అర మీటరు లోపు.

పరీక్షకి ఓమ్‌లు కొలిచి సంతోషపడితే చాలదు. సబ్ గట్టిగా మోగుతుండగా సబ్ నలుపు పిన్నుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య డీసీ కొలవండి. 0.1 వోల్టు లోపు ఉండాలి. 0.3 దాటితే ఎక్కడో రంగో తుప్పో అడ్డుంది.

ఐడిల్ స్టాప్ (బండి ఆగితే ఇంజిన్ దానంతటదే ఆరే ఏర్పాటు) ఉన్న బండ్లలో బ్యాటరీ మైనస్ మీద చిన్న సెన్సర్ పెట్టె ఉంటుంది. ఎర్త్‌ని నేరుగా ఆ మైనస్ పోల్‌కి కట్టేస్తే సబ్ తాగే కరెంటు సెన్సర్ లెక్కలోకి రాదు. బాడీకే కట్టండి.

సేఫ్టీ_ముందు:

పసుపు కప్లర్ల గురించి ఎవరూ చెప్పలేదు. అవి సీటు పక్క ఎయిర్‌బ్యాగ్, బెల్టు బిగించే ప్రీటెన్షనర్ లాంటివి. వాటి మీద టెస్ట్ లైటు, మల్టీమీటర్ ఓమ్స్ రేంజి ఏదీ పెట్టకూడదు, పరీక్ష కరెంటే వాటిని పేల్చగలదు. వాటి వైరు నుంచి ఏదీ తీసుకోకూడదు. సీటు ఎత్తాల్సి వస్తే కీ తీసి, బ్యాటరీ మైనస్ విప్పి, కనీసం మూడు నిమిషాలు ఆగి అప్పుడు పసుపు కప్లర్ తీయండి. మీ బండి మాన్యువల్ ఇంకా ఎక్కువ ఆగమంటే అంతా ఆగండి. అది ఊడి ఉండగా కీ ఆన్ చేస్తే మీటర్లో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, స్కానర్‌తో చెరిపేదాకా ఆరకపోవచ్చు. బ్యాటరీ విప్పాక పవర్ విండో ఆటో అప్ పోతే గాబరా పడకండి. చాలా బండ్లలో అద్దం పూర్తిగా ఎక్కించి బటన్ కొన్ని సెకన్లు పట్టుకుంటే తిరిగొస్తుంది.

డ్రైవర్ సీటు కింద పెట్టొద్దు. పట్టు వదిలి ముందుకు జారితే బ్రేకు పెడల్ కిందకి వస్తుంది. పక్క సీటు కిందైనా వెల్‌క్రో ఒక్కటే చాలదు, కంపెనీ ఇచ్చిన బ్రాకెట్లు వేయండి. కొనేముందే సీటుని బాగా వెనక్కి, బాగా కిందకి పెట్టి ఎత్తు కొలవాల్సింది. వెనక కూర్చునేవాళ్ల కాళ్లకి గాలి వచ్చే ఏసీ డక్టు అక్కడే ఉంటే దాని నోటికి సబ్ అడ్డు పడుతుంది. కొన్ని స్మార్ట్ హైబ్రిడ్ బండ్లలో ముందు సీటు కింద లిథియం బ్యాటరీ పెట్టె ఉంటుంది, అక్కడ ప్రయత్నమే వద్దు.

లోబీట్_వరంగల్:

అందరికీ థాంక్స్. గడప ట్రిమ్ లేపి కొలిచాను, ఇంకా ఏదీ కలపలేదు. నాలుగు వైర్లూ బాడీకి 6.1 వోల్టుల డీసీ. 50 హెర్ట్జ్ మోనో, వాల్యూమ్ 20 దగ్గర రెండు జతల మధ్యా 2.4 వోల్టుల ఏసీ. నేను ప్లస్ అనుకున్న రెండింటి మధ్య కూడా 2.4 వస్తోంది.

ఇంకోటి వింతగా ఉంది. వాల్యూమ్ 28కి పెంచితే 50 హెర్ట్జ్ 3.9 అయింది, 34 దగ్గర 4.1 మాత్రమే. అదే 200 హెర్ట్జ్ టోన్ పెడితే 20లో 2.3, 28లో 4.8, 34లో 7.6. మీటరు చవకది, తప్పు చూపిస్తోందా?

ఆటోనగర్_వైరింగ్:

మీటరు సరిగానే ఉంది. చవక మీటర్ల ఏసీ రేంజి సాధారణంగా 400 హెర్ట్జ్ దాకా నమ్మొచ్చు, మీరు దాని లోపే ఉన్నారు. 1000 హెర్ట్జ్ టోన్‌తో కొలిచుంటే అనుమానించాల్సి వచ్చేది.

2.4 వచ్చిందంటే ఒక జత తిరగబడింది. ఏదో ఒక దాని ప్లస్ మైనస్ పేర్లు మార్చి మళ్లీ కొలవండి, 0.1 లోపుకి పడాలి. పడ్డాకే సోల్డర్.

రెండోది స్క్రీన్ చేసే పని. వాల్యూమ్ పెరిగే కొద్దీ చిన్న డోర్ స్పీకర్లు చిరగకుండా కంపెనీ వాళ్లు కింది స్వరాల్ని ఉద్దేశపూర్వకంగా నొక్కుతారు. మీ అంకెల ప్రకారం 20 దగ్గర 50, 200 దాదాపు సమానం, 34 దగ్గర 50 హెర్ట్జ్ సగానికి కాస్త పైన. అంటే 5 డెసిబెళ్లకి పైగా కోత. సబ్‌కి కూడా ఆ కోసిన సిగ్నలే వస్తుంది. దీనికి రెండు దార్లు. బేస్ తిరిగి నింపే యాక్టివ్ లైన్ అవుట్ కన్వర్టర్లు ఉన్నాయి, ఆడియోకంట్రోల్ ఎల్‌సీ2ఐ అలాంటిదే, కానీ 8 అంగుళాల సబ్‌కి ఆ ఖర్చు నాకు సబబుగా అనిపించదు. రెండోది, మీరు రోజూ వినే వాల్యూమ్ దగ్గరే గెయిన్ (సబ్ సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే నాబ్) సరిచేసుకోవడం. 20 నుంచి 26 మధ్య వింటారనుకుంటే అక్కడ కోత కొంచెమే. స్క్రీన్ ఈక్వలైజర్లో బేస్ పెంచి దీన్ని పూడ్చాలని చూడకండి, ముందు డోర్ స్పీకర్లు చిరుగుతాయి.

డాలస్_డెసిబెల్:

అమెరికాలో ఇలాగే చేసే తెలుగువాళ్ల కోసం రెండు మాటలు.

యాక్టివ్ నాయిస్ క్యాన్సలేషన్ ఉన్న హోండాల్లో స్పీకర్ వైర్ల నుంచి సబ్ నడిపితే, ఇంజిన్ తక్కువ ఆర్‌పీఎంలో ఉన్నప్పుడు పాట లేకపోయినా సబ్ హూంకరిస్తుంది. ఇంజిన్ మోతని కొట్టేయడానికి పైకప్పులోని మైకులు విని కారు వ్యతిరేక శబ్దాన్ని స్పీకర్లకి పంపుతుంది. దాని లెక్క డోర్ స్పీకర్లకి సరిపడా వేసినది. మధ్యలో పెద్ద సబ్ చేరేసరికి దిద్దుబాటే మోత అయిపోతుంది. ఎర్త్ మార్చినా, వైరు మార్చినా పోదు. ఏఎన్‌సీ మాడ్యూల్ కప్లర్ పీకేస్తే పోతుంది.

బోస్, జేబీఎల్ పేరుతో కంపెనీ ఆంప్ విడిగా ఉన్న బండ్లలో స్క్రీన్ వెనక దొరికేది స్పీకర్ సిగ్నల్ కాకపోవచ్చు. లో లెవెల్ కావచ్చు, డిజిటల్ కావచ్చు. ఆంప్ తర్వాత, స్పీకర్‌కి వెళ్లే వైర్ల దగ్గర తీసుకోవాలి. అక్కడా ముందు డోర్ల వూఫర్‌కి వెళ్లే జతే వెతకండి, కొన్ని ఛానెళ్లలో బేస్ ముందే కోసేసి ఉంటుంది. 40 హెర్ట్జ్ టోన్ పెట్టి కొలిస్తే ఒక్క నిమిషంలో తేలుతుంది.

కాపర్_కాకినాడ:

కలిపే వరస చెప్పి ముగిస్తా. బ్యాటరీ మైనస్ విప్పాలి. ఎర్త్ ముందు, తర్వాత సిగ్నల్, నీలం, ఎరుపు. బ్యాటరీ మైనస్ తిరిగి బిగించాక, బ్యాటరీ దగ్గరి హోల్డర్లో ఫ్యూజు అన్నిటికన్నా చివర. ఫ్యూజు పెట్టగానే నిప్పురవ్వ చిన్నది రావడం మామూలే, సబ్ లోపలి కెపాసిటర్లు నిండుతాయి. ఫ్యూజే పోతే ఎరుపు ఎక్కడో బాడీకి తగులుతోంది. అప్పుడు పెద్ద ఫ్యూజు పెట్టి చూద్దాం అనుకోవద్దు.

సబ్ మీద లో పాస్ (దానికి కిందున్న స్వరాల్నే సబ్‌కి వదిలే హద్దు) 80 హెర్ట్జ్, బేస్ బూస్ట్ సున్నా, గెయిన్ పూర్తిగా తక్కువ. స్క్రీన్లో ఈక్వలైజర్ ఫ్లాట్, ఫేడర్ మధ్యలో. ఫేడర్ ముందుకి తోస్తే సబ్ కూడా తగ్గుతుంది, మీరు వెనక నుంచి తీసుకున్నారు కాబట్టి. రోజూ వినే గరిష్ఠ వాల్యూమ్ పెట్టి, డప్పు దెబ్బ స్పష్టంగా ఉన్న పాటతో గెయిన్ మెల్లగా పెంచండి. దెబ్బ మొద్దుబారి సాగినట్టు వినిపించగానే కాస్త వెనక్కి తిప్పండి. ఫేజ్ 0, 180 రెండిట్లో డ్రైవర్ సీట్లో కూర్చుని ఏది నిండుగా ఉంటే అది. ముందు డోర్ బేస్‌కీ సబ్‌కీ మధ్య బోలుగా అనిపిస్తే లో పాస్ 90 దాకా తీసుకెళ్లండి. 100 దాటితే మగ గొంతులు సీటు కింద నుంచి వస్తాయి.

తర్వాత వచ్చే జబ్బులు ఇవి. ఆక్సిలరేటర్ తొక్కితే కూత వస్తే సబ్ సిగ్నల్ కప్లర్ పీకండి. కూత ఇంకా ఉంటే ఎర్త్ లేదా పవర్ లైనులో లోపం, ఆగితే సిగ్నల్ వైర్ల దారిలో. కూతకి మందు అని షాపుల్లో అమ్మే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ సబ్‌కి పెట్టొద్దు. లోపలి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ అసలైన కింది బేస్‌నే మింగేస్తుంది. గట్టి బేస్ కొట్టగానే సబ్ ఆరి వెలుగుతుంటే, మోగుతుండగా సబ్ ఎరుపు నలుపు పిన్నుల మధ్య కొలవండి. ఇంజిన్ ఆన్‌లో ఉండి కూడా 11కి పడుతుంటే ఫ్యూజు హోల్డర్ చేత్తో తాకి చూడండి, వేడిగా ఉన్న జాయింటే దొంగ.

చివరగా స్టాండ్‌బై కరెంటు. కీ తీసి, బండి లాక్ చేసి పావుగంట ఆగి, సబ్ మెయిన్ ఫ్యూజు తీసి ఆ రెండు పిన్నుల మధ్య మీటరు 10 ఆంప్స్ రేంజిలో పెట్టండి. కొన్ని మిల్లీఆంప్స్ వస్తే మంచిది, వందల్లో ఉంటే నీలం వైరుకి కీ తీసినా కరెంటు వస్తోంది. మీటరు అలా ఉండగా స్టీరియో ఆన్ చేసి పాట పెట్టకండి, మీటరు ఫ్యూజు పోతుంది.

లోబీట్_వరంగల్:

ఎడమ జత మార్చాక ప్లస్‌ల మధ్య 0.05 వచ్చింది. 12 వోల్టుల సాకెట్ ఫ్యూజుకి కీ తీసినా కరెంటు వస్తోంది, నీలం వైరుకి అది పనికిరాదు. బయటి అద్దాలు తిప్పే మోటారు ఫ్యూజు యాక్సెసరీలోనే లేస్తోంది, దాన్ని వాడొచ్చా?

కాపర్_కాకినాడ:

వాడొచ్చు. లో ప్రొఫైల్ మినీ అయి ఉంటుంది, తీసి చూసి ట్యాప్ కొనండి. కొత్త గదిలో 2 ఆంప్స్.